గీత దగ్గర నిలబడ్డ మనిషి

సీతారామాంజనేయులు గాజుబల్ల మీద పాత తువ్వాలు పరిచి, దానిమీద మూడు కెమెరాలు వరసగా పెట్టాడు. పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు. పెళ్ళిచూపులకి పిల్లని తీసుకొచ్చి కూర్చోబెట్టిన మేనమామ వాలకంలా ఉంది ఆయనది.

తెనాలిలో ఆయన స్టూడియోకి రాజారత్నం మాస్టారు రావడం ఆ డిసెంబరు నెలలో అది మూడోసారి. మాస్టారు రేపల్లెలో ఒక హైస్కూలుకి డ్రిల్లు మాస్టారు. పొద్దున రైల్లో చోటున్నా కూర్చోకుండా తెనాలిదాకా నిలబడే వచ్చారు. కూర్చుంటే తెల్లప్యాంటు ఇస్త్రీ నలుగుతుందని ఆయన భయం. మెడలో విజిలుతాడు ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప తియ్యరు.

“ఇది జర్మనీది” అన్నాడు ఆంజనేయులు మొదటిదాన్ని చూపించి. “గాల్లో పోయే కాకిని కూడా పట్టిద్ది. ధర మాత్రం మీరు అడగొద్దు, నేను చెప్పను.”

“మరెందుకు పెట్టారండీ?”

“పక్కనుంటే మిగతావాటికి మర్యాదని.”

రెండోది మడత కెమెరా. మీట నొక్కితే ముందుభాగం తోలుతిత్తితో సహా బయటికి వస్తుంది. ఆ తిత్తికి రెండుచోట్ల నల్లగుడ్డ ముక్కలు అంటించి ఉన్నాయి. మూల మీద రంగు లేచిపోయి ఇత్తడి కనిపిస్తోంది.

“ఇది చేతులు మారిందేనండి. చూడ్డానికి ఇట్లా ఉందిగానీ షట్టరు మహా చురుకు. పరిగెత్తే మనిషిని ఉన్నచోట నిలబెట్టిద్ది. మీ పనికి ఇదీ. మూడోది డబ్బా కెమెరా. కొత్తది, పైకాగితం కూడా విప్పలేదు. ధర ఇంచుమించు అంతే. కానీ దీనికున్నది ఒకటే వేగం. నిలబడ్డవాళ్ళకైతే బంగారం. పరుగుపందేలకి పనికిరాదు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్నేమీ అనొద్దు.”

మాస్టారు మడత కెమెరా చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలితో ఆ గుడ్డముక్క అంచు తడిమారు. కిందటేడు బాపట్లలో జరిగింది ఆయన కళ్ళముందు కదిలింది. జిల్లా ఆటలపోటీల్లో, ఆడపిల్లల వందమీటర్ల పరుగులో, తన బడిపిల్ల పేరంటాలు గుండె అందరికంటే ముందు రిబ్బనుకి తగిలింది. జడ్జీలు రెండో స్థానం రాశారు. ఆయన వెళ్ళి అడిగితే, “మీ పిల్లని మీరు చూసుకుంటారండీ, ఎవరైనా అంతే. రుజువేంటి?” అని నవ్వారు. ఆ నవ్వుతోనే ఆయన బుర్రలో కెమెరా పడింది. మనిషి మాట వినకపోతే ఫోటో మాట వినరూ?

అయితే ఈ మాసికల కెమెరా పట్టుకెళ్ళి వాళ్ళ ముందు నిలబడితే? ఆయనకి ఆ దృశ్యం కూడా కనిపించింది. మళ్ళీ అదే నవ్వు.

“డబ్బా కెమెరాయే ఇవ్వండి” అన్నారు.

ఆంజనేయులు తలపట్టుకున్నాడు. “వాళ్ళు చూసేది ఫోటోనండీ. కెమెరాని కాదు.”

“మీకు తెలీదులెండి. ముందు మనిషి బట్టలు చూస్తారు. ఆ తర్వాత చేతిలో ఏముందో చూస్తారు. అవి రెండూ బాగుంటేనే మాట వినేది. నలభై ఏళ్ళొచ్చాయి నాకు, ఆ మాత్రం తెలీదా?”

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. రేపల్లెలో బస్సెక్కే దారి చెప్పినంత మామూలుగా అన్నారు. ఆంజనేయులు ఇస్త్రీ ప్యాంటు వంక ఒకసారి చూసి, ఇక వాదించకుండా కొత్త కెమెరా మీది కాగితం విప్పాడు. తళతళలాడే ముందుపలక, తోలు ఒర, భుజాన వేసుకునే పట్టీ. మాస్టారి మొహం విప్పారింది.

“ఒక్క మాట గుర్తుపెట్టుకోండి” అన్నాడు ఆంజనేయులు రీలు ఎక్కించడం నేర్పుతూ. “పరిగెత్తేవాళ్ళు మీకు ఎదురుగా వస్తుంటే తియ్యండి, కొంచెం నయం. మీ ముందునుంచి అడ్డంగా పోయేటప్పుడు మాత్రం తియ్యొద్దు.”

మాస్టారు తలూపారు. పిల్లలకి నియమాలు చదివి వినిపించేటప్పుడు వాళ్ళూ ఆయనకి సరిగ్గా ఇలాగే తలూపుతారు.

ఆ కెమెరా ఇంటికొచ్చినందుకు మాస్టారి భార్య సామ్రాజ్యమ్మ కొనుక్కోవాలనుకున్న కుట్టుమిషను మరో ఏడాది వెనక్కిపోయింది. అయినా ఆ సాయంత్రం మొగుడు బట్టలారేసే తీగని గీతగా పెట్టుకుని, ఒక కన్ను మూసి పెరట్లో కోడిని గురిచూస్తుంటే మాత్రం నవ్వాపుకోలేకపోయింది.

“రీలు వేశారా?”

“రీలెందుకు వృథా? పన్నెండే బొమ్మలు వస్తాయి. చెయ్యి కుదరాలిగా ముందు.”

“రీలు లేకుండా టిక్కుమనిపిస్తే చెయ్యి కుదిరిందో లేదో ఎట్లా తెలుస్తుందండీ?”

“చప్పుడు బట్టి తెలుస్తుందిలే.”

ఆ వారమంతా అదే సాధన. బడి వదలగానే ఆటస్థలంలో సున్నంతో గీత గీసి, రెండు కర్రలకి నూలుతాడు కట్టి, పేరంటాలుని పరిగెత్తించేవారు. తొమ్మిదో తరగతి పిల్ల. అడవులదీవి వాళ్ళది. తండ్రి గంగరాజు సముద్రం మీద వేటకి పోతాడు, తల్లి రత్తాలు చేపలు అమ్ముతుంది. చదువుకోసం పిల్లని రేపల్లెలో పిన్ని ఇంట్లో ఉంచారు. పరికిణీ కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఉత్తకాళ్ళతో ఆ పిల్ల వస్తుంటే మట్టి మీద చప్పుడు ఉండేది కాదు. తాడు తెగిన క్షణానికీ, కెమెరా టిక్కుమన్న క్షణానికీ తేడా రాకుండా చూసుకున్నారు మాస్టారు. శుక్రవారానికల్లా రెండు చప్పుళ్ళూ ఒకటైపోయాయి. ఇక ఎవరు కాదంటారో చూద్దామనుకున్నారు.

ఆ శుక్రవారమే రత్తాలు ఎండుచేపల గంపతో బడి గేటు దగ్గరికి వచ్చింది.

“మేస్టారూ, మా ఆయన ఒకటే మాట మీదున్నాడు. ఈ ఏడు ఫస్టొచ్చి ఆ గుంటూరు ఆటల హాస్టల్లో సీటిస్తే సరే. రాకపోతే పిల్లని తీసుకొచ్చెయ్యమన్నాడు. మా సెల్లెలికి నలుగురు పిల్లలు, ఎన్నాళ్ళు పెట్టిద్ది? నాతోపాటు గంపెత్తుకుంటే రెండు ఊళ్ళు ఎక్కువ తిరుగుతాం.”

“ఫస్టొస్తుందమ్మా. ఈసారి ఎవరూ మార్చలేరు. ఇదుగో చూడు” అని ఒరలోంచి కెమెరా తీసి చూపించారు.

రత్తాలు చేతులు చీరకి తుడుచుకుంది గానీ ముట్టుకోలేదు. “నేనూ వత్తాను బాపట్ల. అక్కడా నాలుగు ఎండుసేపలు అమ్ముడుపోతాయి” అంది.

బాపట్లలో శనివారం ఎండ బాగానే కాసింది. షామియానా కింద కుర్చీలు, బల్ల మీద కప్పులు. కప్పులిచ్చిన మిల్లు యజమాని కూతురు కూడా పరుగులో ఉంది. తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, బుద్ధిగా, ఎవరి జోలికీ పోకుండా గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. తనని పరుగెత్తించమని ఆమె ఎవరినీ అడగలేదు.

చివరి గీత దగ్గర ఎత్తుపీట మీద పెద్ద జడ్జీ బసవేశ్వరరావుగారు కూర్చున్నారు. ఆయన పక్కన ఇద్దరు. రత్తాలు గంపతో గీత దగ్గరికి వచ్చేసరికి ఆ ఇద్దరిలో ఒకాయన ముక్కు మూసుకుని, “అమ్మా, ఆ కంపు అవతల పెట్టు” అన్నాడు. ఆమె గంప దించి, రిబ్బను కట్టిన కర్ర వెనక నేల మీద పెట్టి, దాని పక్కనే కదలకుండా నిలబడింది.

మాస్టారు ఎక్కడ నిలబడాలా అని చాలాసేపు ఆలోచించారు. ఎదురుగా నిలబడితే బొమ్మ నయంగా వస్తుందన్నాడు ఆంజనేయులు. కానీ ఎదురుగా తీస్తే ఎవరు ముందో, ఎవరు వెనకో ఎట్లా తెలుస్తుంది? గీత తిన్నగా కనిపించాలంటే పక్కనుంచే తియ్యాలి. వారం రోజులు పక్కనుంచే కదా సాధన చేసింది! గీతకి సూటిగా, జడ్జీలకి ఎదురువైపు నిలబడ్డారు. కెమెరా వెనక, ఎన్నో బొమ్మో చూపించే ఎర్ర కిటికీలో మూడో అంకె కనిపిస్తోంది. మొదటి రెండు బొమ్మలూ హెడ్మాస్టారుగారివి.

పిస్తోలు పేలింది. ఎనిమిదిమంది పిల్లలు లేచారు. సగం దూరం వచ్చేసరికి ఆరుగురు వెనకబడ్డారు. సరిగ్గా అప్పుడే షామియానా దగ్గర జీపు ఆగిన చప్పుడు, “ఆఫీసరుగారొచ్చారు” అనే గోల. మాస్టారు తల తిప్పలేదు. ఆయనకి రిబ్బను తప్ప లోకం లేదు. రిబ్బను ఊడింది. కెమెరా టిక్కుమంది. రెండు చప్పుళ్ళూ ఒకటే.

ఐదు నిమిషాలకి మైకులో చదివారు. మొదటి స్థానం మిల్లు యజమాని కూతురిది. రెండో స్థానం పేరంటాలుది.

రత్తాలు గంప అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. “మేస్టారూ, ఇదేం అన్యాయం! నా పిల్లే ముందొచ్చింది. నేను సూశాను. ఆ కర్ర పక్కనే ఉన్నాను, కళ్ళారా సూశాను. పదండి, నేను సెప్తాను ఆళ్ళకి.”

ఆమె గొంతుకి నలుగురూ తిరిగి చూశారు. మాస్టారికి సిగ్గేసింది. చేపల గంప, ఈ అరుపులు, వాళ్ళ నవ్వులు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

“నువ్వుండమ్మా, అరవకు” అన్నారు తగ్గుస్వరంతో. “నీ మాట ఎవరు వింటారు? ఇందులో ఉంది అంతా. రీలు కడిగితే తెలిసిపోతుంది.”

ఆమె ఆ డబ్బా వంక చూసి నోరు మూసుకుంది.

పొన్నూరు వైపునుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు వరప్రసాదం కూడా ఆయన్ని పక్కకి పిలిచాడు. “రత్నంగారూ, అరగంటలోపల కాగితం మీద రాసిస్తేనే వాళ్ళు విచారించేది. ఆవిడ సాక్ష్యం రాయండి, వేలిముద్ర వేయిద్దాం. నేను దూరాన్నుంచి చూశాను గానీ, నా సంతకం కూడా పెడతాను. పదండి.”

“నోటిమాటలెందుకండీ? ఫోటో ఉండగా” అన్నారు మాస్టారు.

ఆయన నిబ్బరంగా వెళ్ళి బసవేశ్వరరావుగారికి కెమెరా చూపించారు. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “బాగుందే, కొత్తదా?” అన్నారు. “ఫోటో రానివ్వండి. తీసుకురండి, చూద్దాం.”

నవ్వలేదు ఆయన. అది చాలు మాస్టారికి. అరగంట గడిచిపోతుంటే షామియానా నీడలో నిలబడి సోడా తాగారు. పేరంటాలు మాత్రం రెండో స్థానం కప్పు ఒళ్ళో పెట్టుకుని, పాదంలో గుచ్చుకున్న ముల్లు తీసుకుంటోంది.

సోమవారం సెలవు పెట్టి తెనాలి వెళ్ళారు. ఆంజనేయులు చీకటిగదిలోకి వెళ్ళి చాలాసేపటికిగానీ బయటికి రాలేదు. వచ్చి, తడి ఆరని ఫోటో ఒకటి తువ్వాలు మీద పెట్టాడు. ఆరోజు కెమెరాలు పెట్టిన తువ్వాలే.

మాస్టారు వంగి చూశారు.

గీత ఉంది. కర్రలున్నాయి. వాటి మధ్య పిల్లలుండాల్సిన చోట తెల్లటి చారలు రెండు ఉన్నాయి. పలక మీద సుద్దరాతని తడిచేత్తో అలికేసినట్టున్నాయి. ఏ కాలు ఎవరిదో, ఏ గుండె ఎవరిదో తెలీదు. రిబ్బను కూడా ఆ అలుకులో కలిసిపోయింది.

నిలబడ్డవాళ్ళు మాత్రం అద్దంలో పడ్డట్టు పడ్డారు. ఎత్తుపీట మీద బసవేశ్వరరావుగారి చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. ఆయన మొహం షామియానా వైపు తిరిగి ఉంది. పక్కన ఇద్దరూ సగం లేచి, జీపు వైపు నమస్కారం పెడుతున్నారు. కర్ర వెనక, గంప పక్కన, ఎడంచెయ్యి నోటికడ్డం పెట్టుకుని రత్తాలు. ఆ ఫోటోలో గీత మీద చూపు నిలిపిన మనిషి ఆమె ఒక్కతే.

“నేను చెప్పాను కదండీ” అని ఆంజనేయులు అనలేదు. మంచి మనిషి. “జడ్జీలు చూడలేదని తెలుస్తోందిగా. తీసుకెళ్ళి చూపించండి. అదన్నా పనికొస్తుందేమో” అన్నాడు.

మర్నాడు బాపట్లలో బసవేశ్వరరావుగారు కళ్ళజోడు పెట్టుకుని ఫోటోని శ్రద్ధగానే చూశారు.

“ఇందులో పిల్లలేరీ మాస్టారూ?”

“తమరు అటు చూస్తున్నారండి...”

“చూసిన తర్వాత తల తిప్పాను. ఎంతసేపు పడుతుంది?” ఆయన గొంతులో వేడి లేదు. “పేర్లు నిన్ననే గుంటూరు వెళ్ళిపోయాయి. ఆరోజు కాగితం ఇచ్చుంటే నలుగుర్నీ కూర్చోబెట్టి అడిగేవాళ్ళం. ఎవరో ఒకరు చూసుండరా?” వేలు ఫోటో మీద జరిగి ఆగింది. “ఈవిడెవరు?”

“పిల్ల తల్లండి.”

“ఈవిడ గీతవైపే చూస్తోందే! మరి ఆరోజు నోరు విప్పి చెప్పలేదేం?”

మాస్టారు నోరు తెరిచారు. చెప్పిందండీ, నేనే నోరు మూయించాను అనాలి. ఆ ఒక్క ముక్క అనడానికి ఆయనకి బలం చాలలేదు. ఫోటో తీసుకుని, నమస్కారం పెట్టి బయటికొచ్చేశారు. బస్టాండు దాకా నడుస్తుంటే ఒకటే ఆలోచన. ఆ మాసికల కెమెరాని పక్కకి నెట్టిన చెయ్యీ, రత్తాలుని ఆపిన చెయ్యీ ఒకటే. తన మాట ఎవరూ వినరని ఇన్నేళ్ళు కుమిలిన మనిషి, తనకి వినపడ్డ మాటని తనే తోసేశాడు. ఆయనకి ఏడుపొచ్చింది. బస్సులో మొదటిసారి కూర్చున్నారు.

గురువారం పేరంటాలు బడికి రాలేదు. శుక్రవారమూ రాలేదు. శనివారం పొద్దున్నే ఆయన అడవులదీవి బస్సెక్కారు.

రత్తాలు ఇంటి ముందు కూర్చుని రొయ్యలు ఏరుతోంది. పెద్దవి ఒక గంపలోకి, చిన్నవి ఒక తట్టలోకి. మాస్టార్ని చూసి గబగబా లేచి, నులకమంచం వాల్చి, పైన దుప్పటి పరిచింది. ఆయన కూర్చోలేదు. ఫోటో తీసి ఇచ్చారు.

ఆమె మునివేళ్ళతో పట్టుకుని చూసింది. కాసేపటికి ఆమె మొహం వెలిగింది.

“ఓయమ్మ, నన్నే తీశారేంటి మేస్టారూ! ఇదుగో నా గంప. నా సీర సూడు, పువ్వులు కూడా పడ్డాయి. నా బొమ్మ ఇంతవరకూ ఎవరూ తియ్యలేదు బాబూ.” మళ్ళీ చూసింది. “పిల్లేదీ?”

ఆయన వేలితో ఆ తెల్లచారని చూపించారు.

పేరంటాలు లోపల్నుంచి వచ్చి తల్లి భుజం మీదుగా తొంగిచూసింది. నెత్తికి గుడ్డచుట్ట పెట్టుకుని ఉంది. “ఇది నేనెట్టా అవుతాను సార్?” అంది. అడిగినట్టు కూడా లేదు. మళ్ళీ గంప దగ్గరికి వెళ్ళి రొయ్యల మీద తడిగోనె కప్పసాగింది.

“రత్తాలమ్మా” అన్నారు మాస్టారు. “ఆరోజు నువ్వు చూసింది చెప్పు.”

“ఇప్పుడెందుకు బాబూ?”

“ఆరోజు వినలేదు నేను. తప్పు చేశాను. చెప్పు, వింటాను.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. చేతులు తుడుచుకుని, రొయ్యలు ఏరినంత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. “సగందాకా ఇద్దరూ కలిసే వచ్చారు. బూట్ల పిల్ల ఒకసారి పక్కకి సూసింది. మా పిల్ల సూడలేదు. జీపొచ్చిందని ఆ పెద్దాయన అటు తిరిగాడు, నేను తిరగలా. రిబ్బను మా పిల్ల గుండెకి తగిలి ఊడింది. ఊడాకే ఆ పిల్ల కాలు గీత మీద పడింది. జానెడు. అంతకంటే ఎక్కువ లేదు బాబూ, నేను అబద్ధం సెప్పను. జానెడు ముందు.”

చేత్తో ఆ జానెడూ కొలిచి చూపించింది. ఇంత తేటగా ఏ కెమెరా తియ్యలేదనిపించింది ఆయనకి. రాసుకోవడానికి కాగితం లేదు, ఇవ్వడానికి ఎవరూ లేరు. విన్నారు, అంతే.

రోడ్డు మీద బస్సు హారను మోగింది. రత్తాలు ఉలిక్కిపడి లేచింది. “రేపల్లె సంతకి ఇదే బస్సు. మేస్టారూ, ఏమీ అనుకోమాక, మా ఆయన లేడు. పిల్ల నెత్తికి ఈ గంప ఎత్తడానికి అటుపక్క కాస్త సెయ్యెయ్యి బాబూ.”

మాస్టారు వంగారు. ఒక పక్క తల్లి, ఒక పక్క ఆయన. గంప లేచింది. గోనెలోంచి నీళ్ళు ధారగా ఆయన తెల్లప్యాంటు మీద కారాయి. పేరంటాలు మెడ బిగించి, గుడ్డచుట్ట మీద బరువు సరిచూసుకుంది.

“వదిలెయ్యండి సార్. నిలబడింది” అంది.

ఆయన చేతులు తీసేశారు. ఆ పిల్ల బస్సు వైపు నడిచింది. డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు, కండక్టరు తొందర పెట్టాడు. అయినా ఆమె పరిగెత్తలేదు. నెత్తిన గంప ఉన్నప్పుడు పరిగెత్తకూడదని తల్లి ఆమెకి ఆ రెండు రోజుల్లోనే నేర్పింది.